పిన్ను

వరదయ్య అని పేరు.
కాలువల శాఖకి వరదనే పంపించారని
మా సెక్షనంతా నవ్వుకున్నాం.
చింతాద్రిపేట వాళ్ళం, ఇంట్లో తెలుగు, వీధిలో అరవం,
నవ్వు మాత్రం రెండిట్లోనూ ఒక్కసారే వస్తుంది మాకు.

నేను తపాలా గుమాస్తాని.
నంబరు వేసి పంపడమే నా పని, చదవకూడదు.
చదివేదాన్ని.

మొదటిరోజు ఆయన టేబుల్ మీద పెట్టింది
దేవుడి పటం కాదు, పెళ్ళాం ఫోటో కాదు,
జానెడు ఇనప కడ్డీ.
"ఇదేంటి సార్?"
"పిన్ను. ఇలాంటివి దిగగొడితే, పైన ట్యాంకు నడుస్తుంది."
నేను నా గుండుసూదుల డబ్బీ వంక చూశాను.
ఆయనా చూశాడు.

మిగతాది మూడేళ్ళకి గానీ చెప్పలేదు.
అలసూరు చెరువులో నేర్చిన పని అట.
ఎక్కడో ఉత్తరాన, పేరు చెప్పని ఏటి మీద,
పొద్దుగూకాక మొదలెట్టి కోడి కూసేలోగా
వంతెన వేశారు నూటపాతిక మంది.
తెల్లారి లెక్కపెడితే నూట ఇరవైరెండు.
"వంతెన నిలిచింది" అన్నాడు.
అని, ఫ్యాను రెగ్యులేటరు తిప్పడానికి లేచాడు.
అది చెడిపోయి ఏడాదయిందని ఆయనకీ తెలుసు.

మా దగ్గర వంతెన కూడా కాదు,
ఒట్టేరి కాలువ మీద పన్నెండడుగుల కల్వర్టు.
ఫైలు పోయింది. వచ్చింది. మళ్ళీ పోయింది.
ఆర్థిక శాఖవాళ్ళు మార్జిన్‌లో "మాట్లాడండి" అని రాశారు.
ఈయన మెట్లెక్కి వెళ్ళి నిజంగానే మాట్లాడాడు.
అయ్యో సార్, ఆ మాటకి అర్థం
ఇక మాట్లాడొద్దని.

కార్తీకంలో వాన పట్టుకుంది.
గట్టు మీద గుడిసెలు నూట పదకొండు,
ఖాళీ చేయించాలని కాగితం తయారైంది.
సంతకం పెట్టకుండా టోపీ తగిలించుకుని బయల్దేరాడు,
రిజిస్టరు పట్టుకుని నన్నూ రమ్మన్నాడు.

మోకాలి లోతు నీళ్ళలో, నెత్తిన పొయ్యి పెట్టుకుని
ఒక ముసలాయన.
ఈయన్ని చూడగానే పొయ్యి దించి
మడమలు రెండూ కలిపాడు.
నీళ్ళు కదా, చప్పుడు రాలేదు.
"సాపర్ ఏసుపాదం, సార్."

నూట ఇరవైరెండులో ఒకడు.

"ఇక్కణ్ణుంచి పోవాలి ఏసుపాదం."
"ఇది ఆర్డరా సార్?"

ఎవరిదో సత్తు గిన్నె మా మధ్యనుంచి తేలుతూ పోయింది.
అవునన్న ఒక్క మాటకి ఒకప్పుడు
మనుషులు ఏట్లోకి దిగారు.
ఆ మాట ఆయన గొంతుదాకా రావడం నేను చూశాను.
"కాదు. అడుగుతున్నాను."
"అయితే రాను సార్" అన్నాడు ఏసుపాదం,
ఎంత మర్యాదగా అన్నాడో.

తిరుగు దారిలో జీపులో సార్ ఒక్కసారి నవ్వాడు, ఎందుకో.
సాయంత్రానికి సంతకం పెట్టాడు.
పచ్చసిరా. తేదీ తప్పు పడితే దిద్దాడు కూడా.
నంబరు నేనే వేశాను.

రిటైరైన రోజు గంధపు దండ వేశాం.
పిన్ను తీసుకోలేదు.
"నీ డబ్బీలో కలుపుకో" అన్నాడు.
కల్వర్టు ఆ పైన పంతొమ్మిది నెలలకి మంజూరైంది.
నీళ్ళు బాగానే పోతున్నాయి.
గుడిసెల చోట కార్లు పెడుతున్నారు.

పోయిన నెల ఏసుపాదం వచ్చాడు,
ఊరవతల ఇచ్చిన ఇంటికి
పట్టాలో డోరు నంబరు తప్పు పడిందని.
దరఖాస్తు నేనే రాసిపెట్టాను.
రాస్తుంటే, టేబుల్ మీది పిన్ను తీసి
అరచేతిలో బరువు చూశాడు.
"ఇది మా కంపెనీది."
సార్ ఎక్కడున్నాడని అడగలేదు.

తీసుకెళ్ళమన్నాను.
మా ఆఫీసులో ఏ వస్తువు బయటికి పోయినా
అందుకున్నవారి సంతకం ఉండాలి.
ఆ గడి ఖాళీగా ఉంది.
ఆడిట్‌వాళ్ళు రెండుసార్లు అడిగారు.